నర్సు చదువు ఖర్చు ఏ పద్దులో రాయాలి?

మదురై నుంచి తిరుచ్చి పోయే రోడ్డు మీద, పెరియారు కాలువ నీళ్లతో వరి పండించే ఊరు మేలూరు. నాయకరాజుల కాలంలో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి. బడి, బజారు, ఆఫీసు అన్నీ తమిళంలోనే. అలాంటి ఒక ఇంట్లో, ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలో నడిచిన వాదన ఇది. మేనల్లుడు రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. మేనత్త మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైంది. ఇక్కడివాళ్లు ఆ ఆసుపత్రిని పెరియాస్పత్రి అంటారు. మేనల్లుడి కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతానంటోంది. ఇద్దరూ ఆ పిల్ల మేలు కోరేవాళ్లే. ప్రభుత్వ సాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ చెరో దారి. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు కాబట్టి వాళ్ల మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మేనల్లుడు: అత్తా, పాప మిమ్మల్ని చూసే ఈ చదువు కోరుకుంటోంది. నాకు ఆ పని మీద చులకన లేదు. పైరు పోయిన ఏళ్లలో మీ జీతమే ఈ ఇంటిని నిలబెట్టింది. కానీ మీ కాలం వేరు. సర్కారు నర్సింగ్ స్కూల్లో చేర్చుకుని హాస్టలిచ్చారు, స్టైపెండిచ్చారు, చదువైపోగానే పోస్టింగిచ్చారు. ఇప్పుడు నాలుగేళ్లు కాలేజీ ఫీజు, హాస్టలు ఫీజు, యూనిఫారాలు, పుస్తకాలు అన్నీ మనమే పెట్టుకోవాలి. తీరా చదివాక ఉద్యోగం ఇస్తామని రాసిచ్చేవాళ్లు ఎవరు?

అత్త: అప్పుడు మాకు ఇచ్చింది దానమని ఎవరూ అనుకోలేదురా. ట్రైనింగులో ఉన్నప్పుడే వార్డులో పని చేశాం. ఆసుపత్రికి మనుషులు కావాలి, అందుకే మమ్మల్ని తయారుచేసుకుంది. చదువు ఖర్చు, పోస్టు, జీతం మూడూ ఒకే చేతి మీదుగా నడిచేవి. ఇప్పుడు ఆ మూడింటినీ విడదీశారు. నా బాధంతా అదే. దాని దగ్గరికి తర్వాత వద్దాం, ముందు పాపకు ఏ సాయం వస్తుందో చూడు. మన ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు లేరు. మొదటి పట్టభద్రుల రాయితీ 2010 నుంచి ఉంది. కౌన్సెలింగులో సర్కారు కోటా సీటు తెచ్చుకుంటే ట్యూషన్ ఫీజులో తగ్గిస్తారు. ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టి, ఊరి వీఏవో, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూశాక తాలూకా ఆఫీసు సర్టిఫికెట్టు తెచ్చుకో.

మేనల్లుడు: అది తెస్తాను. పుదుమై పెన్ పథకం మాత్రం పాపకు రాదు. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలోనే చదివుండాలట. నేను ఎనిమిదో తరగతి దాకా ప్రైవేటు మెట్రిక్యులేషన్‌లో చదివించి, ఫీజు కట్టలేక తొమ్మిదిలో గవర్నమెంటు బడికి మార్చాను. పక్కింటి పిల్లకు నెలకు 1,000 రూపాయలు వస్తాయి, మా పాపకు రావు. ఇద్దరి నాన్నల సంపాదనా ఒక్కటే. ఫీజు కట్టలేకనే కదా బడి మార్చింది, ఆ కష్టం ఏ కాగితంలో కనబడుతుంది?

అత్త: నీ మాటలో న్యాయం ఉంది. సర్కారు బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీకి వెళ్లాలని 2022 సెప్టెంబరు 5న ఆ పథకం పెట్టారు. 2024లో ఎయిడెడ్ బడుల్లో తమిళ మాధ్యమంలో చదివినవాళ్లకూ ఇవ్వడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో కోయంబత్తూరులో మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ ప్రారంభించారు. ఒకసారి పెట్టిన హద్దు మారదని లేదు, అడిగితే జరుగుతుంది. నడుమ బడి మారిన పిల్లల సంగతి అడగాల్సిందే. అలాగని పథకమే దండగ అనకు.

మేనల్లుడు: దండగ అనడంలేదు, లెక్క చెబుతున్నాను. ఈ పథకానికున్న మూవలూరు రామామృతం అమ్మయార్ పేరుతోనే 1989 నుంచి పెళ్లి సాయం ఉండేది. డిగ్రీ చదివిన పిల్లకు 50,000 రూపాయలు, తాళికి ఎనిమిది గ్రాముల బంగారం ఇచ్చేవాళ్లు. దాన్ని ఆపి ఈ నెలసరి డబ్బు తెచ్చారు. నాలుగేళ్ల నర్సింగ్‌కు మొత్తం 48,000 అవుతుంది. బంగారం ధర చూస్తే పేదింటికి నష్టం వచ్చినట్టే.

అత్త: మొత్తం ఒక్కటే చూస్తే నష్టమే. ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో కూడా చూడు. వార్డుకు వచ్చిన పిల్లలను ఎంతమందిని చూశానో! మూడో ఏడాది పిల్ల సెలైన్ సీసా పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కపెడుతుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. ఆ సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే నిమిషానికి 42 చుక్కలు పడాలి. గుండె జబ్బున్న ముసలాయనకైతే అంత వేగం పనికిరాదు, డాక్టరు తగ్గించి రాస్తాడు, ఆ ప్రకారం క్లాంపు బిగించాలి. ఇదంతా రోగి పక్కన నిలబడితేనే వస్తుంది. అలా నిలబడ్డ పిల్ల బూట్లు అడుగున చిరిగి ఉంటాయి. రికార్డు పుస్తకాలు కొనలేక స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ఇంట్లో కష్టం వస్తే చదువు మానేసేది మూడో ఏడాదిలోనే. అప్పటికి సగానికి పైగా నేర్చుకుంది, ఆసుపత్రికి పనికొచ్చే దశకు వచ్చింది. నెలనెలా వచ్చే 1,000 రూపాయలు అప్పుడు ఆదుకుంటాయి. పెళ్లినాటి బంగారం అప్పటికి అందదు.

మేనల్లుడు: సరే. ఇక అసలు మాటకు వస్తాను. ఫీజు సాయం పెంచుకుంటూ పోతే కాలేజీలు పెరుగుతాయి, నర్సులు పెరగరు. ఆంధ్రలో రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీలు ఎలా పెరిగాయో మన చుట్టాలు చెప్పారు. సర్కారు కడుతుందన్న ధీమాతో సీట్లు నింపుకున్నారు, తర్వాత చాలా మూతపడ్డాయి. నర్సింగ్‌లో అది ఇంకా ప్రమాదం. పేషెంట్లే లేని ఆసుపత్రి పేరు చూపించి కాలేజీ నడిపేవాళ్లున్నారు. అక్కడ చదివిన పిల్ల చుక్కలు ఎక్కడ లెక్కపెడుతుంది? ఆ డబ్బేదో పోస్టులకూ జీతాలకూ పెట్టమనండి. చేతికి మంచి జీతం వస్తుందంటే చదివించడానికి మేమే ముందుకొస్తాం.

అత్త: నువ్వు వస్తావు, నీకు మిల్లులో జీతముంది. మన వీధి చివర మునిసిపాలిటీ పనివాళ్ల ఇళ్లున్నాయి కదా, వాళ్లూ ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరుంధతీయర్లు. 2009లో వాళ్లకు ఎస్సీ కోటాలో 3 శాతం విడిగా ఇచ్చారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ ఇళ్లలో నర్సింగ్ చదవాలనుకునే పిల్లకు సీటు వస్తుంది. ఫీజు ఎవరు కట్టాలి? రేపెప్పుడో జీతాలు పెరుగుతాయని ఈ రోజు ఆ తల్లి ఎక్కణ్నుంచి తెస్తుంది? వాళ్లకున్నది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒక్కటే. ఏడాది ఆదాయం 2.5 లక్షలు దాటితే అదీ లేదు.

మేనల్లుడు: ఉన్నదాన్నే నడపలేకపోతున్నారు కదత్తా!

అత్త: నడిపే పద్ధతి ఎన్నిసార్లు మారిందో చూడు. 2018లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చి, మేనేజ్‌మెంటు కోటాలో చేరినవాళ్లకు ఇవ్వకూడదంది. మన ప్రాంతంలో కౌన్సెలింగు గురించి తెలియని పిల్లలు చాలామంది ఏజెంటు మాట నమ్మి నేరుగా కాలేజీలో చేరేవాళ్లు. వాళ్లే దెబ్బతిన్నారు. కేంద్రం తన వాటా తగ్గించుకుని రాష్ట్రాల మీద వదిలేసిన ఏళ్లున్నాయి. 2020 డిసెంబరులో 60:40 వాటా ఖాయం చేశారు, అయిదేళ్లకు 59,048 కోట్లన్నారు. అది మంచి నిర్ణయం, కాదనను. డబ్బు పిల్ల ఖాతాలోనే పడాలన్నారు. రాష్ట్రం తన 40 శాతం వేశాక కేంద్రం 60 శాతం వేస్తుంది. ఆధారు ఖాతాకు సరిగా ముడిపడకపోయినా, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోతుంది. నాకు బాగా తెలిసిన ఒక పిల్లకు, రెండో ఏడాది పరీక్షలకు ముందు, స్కాలర్‌షిప్ పడలేదని ఒక ప్రైవేటు కాలేజీలో హాల్ టికెట్టు ఆపేశారు. వాళ్లమ్మ కందువడ్డీకి, అంటే విపరీతమైన వడ్డీకి తెచ్చి కట్టింది. డబ్బు పరీక్షలయ్యాక పడింది. వడ్డీ ఎవరు తిరిగిస్తారు?

మేనల్లుడు: కాలేజీవాళ్లనే తప్పు పట్టకండి. నేను లెక్కలు రాసేవాణ్ని, వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. టీచర్లకు నెలాఖరుకు జీతమివ్వాలి, ఆసుపత్రికి శిక్షణ రుసుము కట్టాలి. సర్కారు రెండేళ్ల బాకీ పెడితే ఎక్కణ్నుంచి తెస్తారు? తెలంగాణలో 2025 నవంబరు 3 నుంచి ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ చేశాయి, ఫీజు బకాయిల కోసమే. ఆంధ్రలో కాలేజీలకు వేసే డబ్బును తల్లుల ఖాతాకు మార్చారు, 2024లో సర్కారు మారాక మళ్లీ కాలేజీలకే వేస్తామన్నారు. ఎవరి ఖాతాలో వేయాలన్న దాని మీదే రాజకీయమంతా నడుస్తుంది. ఎప్పుడు వేస్తారన్న మాట ఎవరూ ఎత్తరు.

అత్త: ఈ ఒక్క మాటలో నీతో కలుస్తాను. ఫీజు కట్టే గడువు కన్నా ముందే పడేట్టయితే, ఖాతా తల్లిదైనా కాలేజీదైనా నాకు ఒకటే. సర్కారు ఆలస్యం చేస్తే హాల్ టికెట్టు ఆపకూడదు. ఆ ఆలస్యానికి వడ్డీ సర్కారే భరించాలి. అలా రాసి పెడితే గడువు దానంతటదే గుర్తొస్తుంది.

మేనల్లుడు: సర్కారు మీద ఆధారపడే బదులు బ్యాంకు అప్పు మేలు కాదా? కట్టాల్సింది ఎంతో తెలుస్తుంది, తేదీ తెలుస్తుంది.

అత్త: లెక్కలవాడివి, నువ్వే వెయ్యి. 4 లక్షలు తెచ్చావనుకో. పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత?

మేనల్లుడు: దాదాపు 5,400. చదివే కాలంలో పెరిగిన వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువే.

అత్త: సర్కారు నియామక బోర్డు ఎంఆర్‌బీ పెట్టే పరీక్ష రాసి కాంట్రాక్టు మీద చేరిన నర్సుకు 18,000 ఇస్తున్నారు. అందులో మూడో వంతు అప్పుకే పోతుంది. ఇంకో సంగతి. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి ప్రకటించారు. 8 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి వడ్డీలో 3 శాతం సాయం, పూచీకత్తు అక్కర్లేదన్నారు. వినడానికి బాగుంది. కానీ ప్రకటించినప్పుడు అది ర్యాంకుల జాబితాలో ఉన్న దాదాపు 860 సంస్థలకే అన్నారు. మన పక్కూళ్ల నుంచి బస్సులో వెళ్లి వచ్చే చిన్న నర్సింగ్ కాలేజీ ఆ జాబితాలో ఎక్కడ కనబడుతుంది? పాత వడ్డీ సబ్సిడీకీ 2018లో గుర్తింపు షరతు పెట్టారు, నర్సింగ్‌కైతే కౌన్సిల్ ఆమోదం ఉండాలన్నారు. బెంగళూరు కాలేజీల్లో చేరిన మనవైపు పిల్లలకు, కేరళ పిల్లలకు అక్కడే చిక్కొచ్చింది. అక్కడి హైకోర్టు తీర్పు తర్వాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితా గొడవలో పడింది, జాబితాలో కాలేజీ పేరు లేదని బ్యాంకులు అప్పివ్వలేదు. ఏజెంటు ఈ సంగతి చెప్పడు.

మేనల్లుడు: షరతు పెట్టడం తప్పంటారా? నాసిరకం కాలేజీకి సర్కారు డబ్బు పోకూడదని నేను మొదట్నుంచీ చెబుతున్నాను కదా.

అత్త: షరతు ఉండాలి. ఏం చూసి పెట్టాలన్నదే ప్రశ్న. ర్యాంకు పరిశోధన పత్రాలను లెక్కపెడుతుంది, పేరు ప్రఖ్యాతులను లెక్కపెడుతుంది. నర్సు చదువుకు కావాల్సింది పడకలు, రోగులు, పక్కన నిలబడి నేర్పే టీచరు. బీఎస్సీ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని కౌన్సిల్ నియమం ఉంది. ఆ పడకల్లో మనుషులున్నారా లేదా అని ఎవరు పోయి చూస్తున్నారు? చెప్పకుండా ఒక రాత్రి పోయి, వార్డులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, దాన్ని బట్టి స్కాలర్‌షిప్ అర్హత నిర్ణయించమను. అప్పుడు నీ అనుమానమూ తీరుతుంది, చిన్న ఊరి మంచి కాలేజీకీ అన్యాయం జరగదు.

మేనల్లుడు: అది ఒప్పుకుంటాను. కానీ అప్పులు ధారాళంగా ఇస్తే ఫీజులు పెరుగుతాయని పెద్ద దేశాలే అంటున్నాయి. అమెరికాలో 2025 జులై 4న చట్టం చేశారు. పీజీ విద్యార్థులకు ఖర్చెంతైతే అంత అప్పిచ్చే పథకాన్ని 2026 జులై నుంచి కొత్తవాళ్లకు ఆపేస్తున్నారు. మామూలు పీజీకి మొత్తం 1 లక్ష డాలర్లు, డాక్టరు, లాయరు లాంటి వృత్తి డిగ్రీలకు 2 లక్షల డాలర్లు హద్దు పెట్టారు. అంత డబ్బున్న దేశమే పగ్గం వేసింది.

అత్త: ఆ వృత్తి డిగ్రీల జాబితాలో నర్సింగ్ ఉందో లేదో చూశావా? వాళ్ల విద్యాశాఖ ప్రతిపాదించిన జాబితాలో లేదు. అక్కడి నర్సుల సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. దెబ్బ తగిలేది మొదటి డిగ్రీ చదివే పిల్లకు కాదు, పీజీ చదివి టీచరు కాబోయే నర్సుకు. టీచరు లేకపోతే కాలేజీ సీట్లు తగ్గించుకోవాలి. మనవైపూ ఆ పొరపాటు జరిగింది. 2020లో ఆంధ్రలో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపారు. ఎమ్మెస్సీ చేసిన నర్సులు లేకుండా బీఎస్సీ పిల్లలకు ఎవరు పాఠం చెబుతారు? పై మెట్టు దగ్గర కోసిన డబ్బు ప్రభావం కింది మెట్టున అయిదారేళ్లకు కనబడుతుంది. అప్పటికి కోసినవాళ్లు పదవిలో ఉండరు.

మేనల్లుడు: సాయం తీసేసినా నడిచిన దేశాలు లేవా? ఇంగ్లండులో నర్సు విద్యార్థుల బర్సరీ, అంటే చదువు భత్యం, తీసేసి అప్పులిచ్చారు. సీట్లేమీ ఖాళీగా ఉండిపోలేదే.

అత్త: 2017లో తీశారు. మొదటి ఏడాదే దరఖాస్తులు అయిదో వంతుకు పైగా పడిపోయాయి. సీట్లు నిండాయన్నది నిజమే, ఎందుకంటే అంతకుముందు సీటుకు చాలామంది పోటీపడేవాళ్లు. తగ్గింది ఎవరో చూడు. పిల్లలున్న తల్లులు, ఇంకో పని చేసి వయసొచ్చాక ఈ వృత్తిలోకి రావాలనుకున్నవాళ్లు. అలాంటివాళ్లు ఊరు వదలరు, ఉద్యోగమూ వదలరు, వార్డును నిలబెట్టేది వాళ్లే. చివరికి ఏమైంది? 2020 సెప్టెంబరు నుంచి ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల గ్రాంటు మళ్లీ పెట్టారు. తీసినంత తేలిగ్గా నమ్మకం తిరిగి రాదు.

మేనల్లుడు: బాగుంది. సాయం ఇచ్చారు, మంచి కాలేజీలో చదివింది, నర్సయింది. తర్వాత? మీరు ఎంఆర్‌బీ జీతం 18,000 అన్నారు. 2015లో మొదట తీసుకున్నప్పుడు 7,700 ఇచ్చారు, రెండేళ్లలో పర్మనెంటు చేస్తామన్నారు. ఆ పిల్లలు 2017లో చెన్నైలో రోడ్డెక్కాల్సి వచ్చింది. కరోనాలో తీసుకున్న నర్సులను చప్పట్లు కొట్టి పొగిడి, 2022 డిసెంబరు 31తో రెండు వేల మందికి పైగా ఇంటికి పంపారు. ప్రైవేటులో ఇంకా ఘోరం. ఇది తెలిసీ ఏ తండ్రి కూతుర్ని పంపుతాడు? అందుకే నా మాట మళ్లీ చెబుతున్నాను. డబ్బు ఆ చివర పెట్టండి.

అత్త: ఆ చివర పెట్టమని నేనూ చెబుతున్నాను, ఈ చివర తీసి పెట్టమంటేనే ఒప్పుకోను. సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పిన మాట మీద కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా 20,000కు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. కేరళ నర్సులు సమ్మె చేసి 2018లో ఆ 20,000ను కనీస వేతనంగా రాయించుకున్నారు. మన చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో నాకు తెలిసిన పిల్లలు దానికి చాలా తక్కువకే చేస్తున్నారు. నువ్వు చెప్పిన అన్యాయాలన్నీ నిజం. కానీ వాటికి మందు పేదపిల్ల ఫీజు కోయడం కాదు.

మేనల్లుడు: డబ్బు అనంతంగా ఉండదత్తా. పైగా సర్కారు ఖర్చుతో చదివి దుబాయికో జర్మనీకో పోతే మన ఊరికి మిగిలేదేంటి? సర్కారు సంస్థే జర్మన్ నేర్పించి పంపుతోంది.

అత్త: పోనీ, తప్పేముంది? ప్రపంచంలో ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు పుట్టిన దేశం వదిలి పని చేస్తున్నారని డబ్ల్యూహెచ్‌వో 2025 నివేదికలో ఉంది. 2023 నాటికి ప్రపంచానికి ఇంకా 58 లక్షల మంది నర్సులు తక్కువట. ఆడపిల్ల తన చదువుతో విమానమెక్కితే నాకు గర్వమే. ఇక్కడ గౌరవంగా బతికే జీతముండి కూడా పోవడం వేరు, ఇక్కడ పోస్టు లేక పోవడం వేరు. రెండోది వలస కాదు, తరిమెయ్యడం.

మేనల్లుడు: అయితే బాండు రాయించుకోండి. చదివించినందుకు అయిదేళ్లు ఇక్కడే పని చెయ్యాలని.

అత్త: బాండు అనగానే పిల్ల సంతకం ఒక్కటే అడుగుతారు. సర్కారు సంతకం ఏదీ? పూర్తి సాయంతో చదివిన పిల్ల రెండేళ్లు తాలూకా ఆసుపత్రిలో పని చెయ్యాలంటే న్యాయమే. దాంతోపాటే, చదువయ్యాక ఇన్ని నెలల్లో పోస్టు, స్కేలు ప్రకారం పూర్తి జీతం ఇస్తామని సర్కారూ రాయాలి. పోస్టు ఇవ్వకపోతే బాండు రద్దవ్వాలి. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బెదిరించడం ఉండకూడదు. రెండు వైపులా కట్టుబడేదే ఒప్పందం.

మేనల్లుడు: ఇది నాకు నచ్చింది. అయినా ఒక అనుమానం మిగిలింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం మెడికల్ కాలేజీల పక్కన 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు 1,570 కోట్లు ఇచ్చింది. భవనానికి డబ్బు దొరుకుతుంది. భవనానికి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. నెలనెలా ఇవ్వాల్సిన స్కాలర్‌షిప్‌కూ జీతానికీ అవేవీ ఉండవు. ఏ ప్రభుత్వమొచ్చినా ముందు కోసేది వాటినే. మీరు చెప్పిన ఒప్పందాన్ని ఏ డబ్బుతో నిలబెడతారు?

అత్త: పద్దు మార్చితే నిలబడుతుంది. ఇప్పుడు పాప ఫీజు సాయాన్ని సంక్షేమం కింద రాస్తున్నారు. అంటే ఆ ఇంటికి చేసిన ఉపకారమని లెక్క. ఖజానా ఖాళీ అయితే ఉపకారం వాయిదా పడుతుంది. ఎవరూ ఆశ్చర్యపోరు, పిల్ల తల్లి కూడా తలవంచుకుని వడ్డీకి తెస్తుంది. నర్సు చదువును ఆసుపత్రి ఖర్చు కింద రాయమంటున్నాను. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ లెక్క. రాత్రి డ్యూటీలో నలభై మందిని ఒక్కదాన్నే చూసుకున్న రోజులు నాకున్నాయి. ఒకరికి ఇన్సులిన్ వేస్తుంటే ఇంకొకరి సెలైన్ అయిపోతుంది, మూడో ఆయన మంచం దిగబోయి పడతాడు. ప్రతి తాలూకా ఆసుపత్రికీ ఆ లెక్క ప్రకారం ఎంతమంది తక్కువో ఏటా ప్రకటించమను. ఆ ఖాళీలు నిండాలంటే నాలుగేళ్ల ముందు ఎంతమందిని చదివించాలో దాన్నుంచే తేలుతుంది. ఫీజు, పోస్టు, జీతం మూడూ ఒకే కాగితం మీద ఉంటాయి. ఒకటి కోస్తే మిగతా రెండూ ఎందుకు పాడవుతాయో అసెంబ్లీలో లేచి చెప్పాల్సి వస్తుంది.

మేనల్లుడు: అంతదాకా వస్తుందో రాదో నాకు తెలియదు. మంచి జీతం ముందు, సాయం తర్వాత అన్న నా మాటను పూర్తిగా వదులుకోను. అయితే పాప దరఖాస్తు ఆపను. కౌన్సెలింగులో సర్కారు సీటు వస్తేనే చేరుస్తాను, మేనేజ్‌మెంటు కోటాకు పోను. కాలేజీ ఆసుపత్రిని ముందు మీరు నడిచి చూడాలి, పడకల మీద మనుషులున్నారని మీరు చెప్పాలి.

అత్త: చూస్తాను. వీధి చివర పిల్లకు కూడా కౌన్సెలింగు ఫారం నువ్వే నింపిపెట్టు, ఆధారు, ఖాతా, పేరులో అక్షరాలు అన్నీ సరిచూడు. లెక్కలవాడి చేతికి ఆ పని తేలిక. ఆ తర్వాత ఇద్దరి తండ్రులూ కలిసి కలెక్టరేటుకు ఒక అర్జీ రాయండి. స్కాలర్‌షిప్ ఏ తేదీకి పడుతుందో, మేలూరు ఆసుపత్రిలో ఎన్ని నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నాయో రెండూ ఒకే అర్జీలో అడగండి. విడివిడిగా అడిగితే ఒకటి సంక్షేమ శాఖకు పోతుంది, రెండోది ఆరోగ్య శాఖకు పోతుంది, రెండు చోట్లా జవాబు రాదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని ముందు మనం నమ్మాలి, అప్పుడే వాళ్లచేత నమ్మించగలం.